డబుల్ గ్లాస్ కిటికీల తాళాలు, హ్యాండిళ్ళు, బందుల మరమ్మతు: నల్లగొండ ఇంటి పని డైరీ

పని పరిధి

నల్లగొండలో దేవరకొండ రోడ్డు వైపున్న మా ఇంటి పై అంతస్తులో, పడమటి ముఖాన, బయటికి తెరుచుకునే యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీ రెక్కలు ఏడు, బాల్కనీ తలుపు ఒకటి ఉన్నాయి. అన్నింటికీ రెండు పొరల గాజే బిగించారు: 5 మి.మీ. గాజు, 12 మి.మీ. గాలి ఖాళీ, మళ్ళీ 5 మి.మీ. గాజు, మొత్తం మందం 22 మి.మీ. పని మొదలుపెట్టే నాటికి నాలుగు హ్యాండిళ్ళు బలవంతం చేస్తే తప్ప తిరగడం లేదు, రెండు విరిగిపోయి ఉన్నాయి, కొన్ని రెక్కలు మూసేటప్పుడు కింది చౌకట్టును రాసుకుంటున్నాయి, తలుపు తాళం మధ్యాహ్నం పూట అసలు పడడం లేదు. చూడటానికి వచ్చిన ఒక మెకానిక్ ఏడు హ్యాండిళ్ళనూ, తలుపు తాళాన్నీ మొత్తంగా మార్చాలని చెప్పాడు. కొలతలు తీసిన తరువాత తేలిన లెక్క దానికి చాలా దూరంగా ఉంది. ఇలాంటి కిటికీలున్నవారు సామాను కొనేముందు ఏం కొలవాలో, ఏ క్రమంలో విప్పాలో తెలుసుకోవడానికి ఈ వివరాలు రాస్తున్నాను.

దశ 1: విప్పకముందు కొలవడం

మొట్టమొదట చేయవలసిన పరీక్షకు పనిముట్టు ఏదీ అక్కరలేదు. రెక్కను పూర్తిగా తెరిచిపెట్టి, ఆ స్థితిలోనే హ్యాండిల్‌ను తిప్పి చూడాలి. తెరిచినప్పుడు తేలికగా తిరిగి, మూసినప్పుడు మాత్రమే బిగుసుకుపోతే హ్యాండిల్‌లోనూ తాళంలోనూ దోషం లేదు. రెక్క తన స్థానం నుంచి జారడం వల్ల తాళం పిన్నులు చౌకట్టు మీది కీపర్లలోకి (పిన్నులను పట్టుకునే గూళ్ళలోకి) సరిగా దిగడం లేదని అర్థం. తెరిచినప్పుడు కూడా గట్టిగా ఉంటే తాళం పట్టీలో దుమ్ము చేరిందో, గేర్‌బాక్స్ (హ్యాండిల్ తిప్పితే పిన్నులను కదిలించే భాగం) అరిగిందో చూడాలి. హ్యాండిల్ సులువుగా తిరుగుతున్నా పిన్నులు కదలకపోతే లోపలి చదరపు కడ్డీ గాని, గేర్‌బాక్స్ గాని విరిగి ఉంటుంది. మా నాలుగు గట్టి హ్యాండిళ్ళూ ఈ పరీక్షలో మొదటి రకంగానే తేలాయి.

రెండవ పరీక్ష ఐమూల కొలత. రెక్కను తెరిచి, ఒక మూల నుంచి ఎదుటి మూలకు రెండు వైపులా టేపు పట్టి కొలవాలి. మా రెక్కల కొలత 600 × 1200 మి.మీ. కాబట్టి రెండు ఐమూలలూ దాదాపు 1342 మి.మీ. ఉండాలి. రెండవ కిటికీలో బందుల వైపు పై మూల నుంచి హ్యాండిల్ వైపు కింది మూలకు 1345, రెండవ ఐమూల 1339 వచ్చాయి. అంటే రెక్కే పక్కకు ఒరిగి, హ్యాండిల్ వైపు అంచు సుమారు 3.5 మి.మీ. కిందికి దిగింది.

మూడవది, రెక్కను మూసి బయటి అంచు చౌకట్టు మీద ఎంత పడుతోందో నాలుగు మూలలా కొలవడం. మా ప్రొఫైల్‌లో (రెక్క, చౌకట్టు తయారైన యూపీవీసీ పట్టీలో) ఇది అన్నివైపులా 8 మి.మీ. ఉండాలి. రెండవ కిటికీలో బందుల వైపు పైనా కిందా 8 చొప్పున సరిగానే ఉండగా, హ్యాండిల్ వైపు పైన 4.5, కింద 11.5 వచ్చింది.

రెండవ, మూడవ కొలతలను కలిపి చదివితే మూలకారణం బయటపడుతుంది. ఐమూలలు తేడాగా ఉంటే గాజు కింది ప్యాకింగ్ (గాజుకూ ప్రొఫైల్‌కూ మధ్య దూర్చే ముక్కలు, అంటే ప్యాకర్లు) జారినట్టు. ఐమూలలు సమానంగా ఉండి కూడా రెక్క కిందికి దిగి ఉంటే బందు అరిగినట్టు లేదా దాని స్క్రూలు వదులైనట్టు. మా ఏడింటిలో ఐదింటికి ఐమూలలు తేడా వచ్చాయి, రెండింటికి సమానంగా ఉన్నా రెక్క దిగి ఉంది.

ఈ దశలో కొన్న పనిముట్లు: వెడల్పు పుట్టీ బ్లేడు 60, నైలాన్ సుత్తి 220, అలెన్ కీల సెట్టు 250, ప్లాస్టిక్ వెర్నియర్ 200, వేర్వేరు మందాల ప్లాస్టిక్ ప్యాకర్లు 180.

ఇప్పటివరకు ఖర్చు: రూ. 910. సరైన రెక్కలు: 7లో 0.

దశ 2: గాజు ప్యాకింగ్

ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే, అందరూ వదిలేసే భాగమూ ఇదే. గాజు బరువు చదరపు మీటరుకు, ఒక్కో మి.మీ. మందానికి రెండున్నర కిలోలు. మా రెక్కలో గాజు సుమారు 500 × 1100 మి.మీ. ఉంటుంది, రెండు పొరలు కలిపి 10 మి.మీ. గాజు కాబట్టి బరువు దాదాపు 14 కిలోలు. ఒక్క పక్కన మాత్రమే బందులున్న రెక్క అంత బరువును మోయవలసి ఉండగా, యూపీవీసీ మూలల అతుకులు ఒంటరిగా ఆ పని చేయలేవు. పొలం గేటు వాలిపోకుండా ఐమూలగా వేసే పట్టీ ఏ పని చేస్తుందో, ఇక్కడ గాజు పలక ఆ పని చేయాలి. బందుల వైపు కింది మూలలోనూ, హ్యాండిల్ వైపు పై మూలలోనూ గాజుకూ ప్రొఫైల్‌కూ మధ్య ప్యాకర్లు బిగుతుగా ఉంటేనే బరువు గాజు గుండా బందుల కింది మూలకు చేరుతుంది.

మా రెక్కల బీడింగ్ (గాజును పట్టి ఉంచే సన్నని పట్టీలు) తీసి చూస్తే, బిగించినవారు ప్యాకర్లకు బదులు గాజు కింద అట్టముక్కలు పెట్టి ఉన్నారు. వాన నీటికి అవి నాని, నలిగి, నీరు బయటికి పోయే రంధ్రాలను కూడా మూసేశాయి. పై మూలలో అసలు ఏమీ పెట్టలేదు. మాతో పనిచేసిన వడ్రంగి మిస్త్రీ అది చూడగానే, "రెక్కనే ఒరిగినంక తాళం ఏం జేస్తది సార్, దాని తప్పేముంది" అన్నాడు. చౌకట్ల పనిలో ఏళ్ళు గడిపిన మనిషి కాబట్టి యూపీవీసీని కూడా ఆ చూపుతోనే చదివాడు.

చేసిన పద్ధతి:

1. రెక్కను మూసి, హ్యాండిల్‌తో బిగించకుండా వదలాలి. ఒక మనిషి చేతులకు మందపాటి తొడుగులు వేసుకుని, బీడింగ్ తీసినంతసేపూ గాజును అరచేతులతో ఆపి పట్టుకోవాలి.
2. బీడింగ్ లోపలి వైపే ఉంటుంది. నాలుగింటికీ పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, మొదట పొడవైనదాన్ని, దాని నడిమి భాగం నుంచి బ్లేడు దూర్చి సుత్తితో మెల్లగా తట్టి తీయాలి. పొట్టివి తరువాత.
3. కింది గాడిని బ్రష్షుతో శుభ్రం చేసి, నీటి రంధ్రాలలో సన్నని తీగ ఆడించి, ఒక చెంబెడు నీరు పోసి బయటికి పోతోందో లేదో చూడాలి.
4. బందుల వైపు కింది మూలలో గాజు అంచు కింద ఒక ప్యాకర్, పక్కన ఒక ప్యాకర్ పెట్టాలి.
5. ప్లాస్టిక్ చీలికతో గాజును ఆనించుకుని రెక్క హ్యాండిల్ వైపు అంచును పైకి లేపుతూ, ఆ వైపు పై మూలలో పక్కనా పైనా ప్యాకర్లు దూర్చాలి.
6. ఐమూలలు కొలిచి, తేడా 1 మి.మీ. లోపలికి వచ్చేవరకు ప్యాకర్ మందం మార్చాలి.
7. పొట్టి బీడింగ్‌లు ముందు, పొడవైనవి చివర బిగించాలి.

రెండవ కిటికీకి హ్యాండిల్ వైపు పై మూలలో 3 మి.మీ., 2 మి.మీ. ప్యాకర్లు కలిపి పట్టాయి. తరువాతి ఐమూలలు 1342, 1341. హ్యాండిల్‌ను ముట్టుకోకుండానే అది రెండు వేళ్ళతో తిరిగింది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఎక్కువ మందం దూరిస్తే రెక్క పక్క అంచు బయటికి ఉబ్బుతుంది, గాజు మీద ఒత్తిడి పడి వేసవిలో పగులు రావచ్చు. అందుకని ప్యాకర్ చేతితో గట్టిగా నెట్టితే దూరేంత బిగువు చాలు. రెండవది, కర్రముక్కలూ అట్టలూ ఎప్పటికీ వాడకూడదు, ఎందుకంటే అవి నాని ఉబ్బుతాయి, తరువాత కుంగుతాయి, డబుల్ గ్లాస్ అంచు సీలు పక్కన తడిని నిలబెడతాయి.

ఐదింటిలో నాలుగు ఈ పనితోనే సరిపోయాయి. ఐదవదాని ఐమూలలు కుదిరినా హ్యాండిల్ వైపు అంచు ఇంకా 2 మి.మీ. కిందే ఉండిపోయింది. దాన్ని తరువాతి దశకు వదిలాము. తీసేటప్పుడు ఎండకు పెళుసుబారిన రెండు బీడింగ్‌లు విరిగాయి, వాటికి రూ. 120.

ఇప్పటివరకు ఖర్చు: రూ. 1,030. సరైన రెక్కలు: 7లో 4.

దశ 3: బందులు, అంటే ఫ్రిక్షన్ స్టేలు

ఈ రెక్కలకు మామూలు బందులు ఉండవు. రెక్క పైనా కిందా చౌకట్టు గాడిలో ఇమిడి, మడతపడే స్టీలు పట్టీలు ఉంటాయి. మే నెలలో వానకు ముందు లేచే గాలిదుమారం తెరిచి ఉన్న రెక్కను ఒక్కసారిగా విసిరికొడితే వీటి చేతులు వంగుతాయి. మిగిలిన మూడు రెక్కలలో ఒకదాని కింది స్టే అలాగే వంగి ఉంది, ఒకదానిది తుప్పుపట్టి రివెట్ వదులైంది. మూడవదాని కథ వేరు: పట్టీ బాగానే ఉంది, కాని దాన్ని పట్టుకున్న స్క్రూలు ప్లాస్టిక్ గోడలో మాత్రమే దిగి, బలం కోసం ప్రొఫైల్ లోపల ఉండే ఇనుప గొట్టాన్ని అందుకోలేదు. ఎవరో వాటిని మళ్ళీ మళ్ళీ బిగించారు, రంధ్రాలు వెడల్పై స్క్రూ ఊరికే తిరుగుతోంది. ఆ రంధ్రాలను ఎం-సీల్‌తో నింపి మళ్ళీ స్క్రూ వేసి చూశాము. రెక్క బరువుకు అది రాలిపోయింది, ఆ పద్ధతిని ఎవరికీ సూచించను. చివరికి పట్టీలో ఉన్న మరో రంధ్రం నుంచి ఇనుప గొట్టంలోకి దిగేలా సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూ వేస్తే నిలిచింది. స్క్రూ తల పలుచగా ఉండి పట్టీలో ఇమిడిపోవాలి, లేకపోతే మడతపడే చెయ్యి దాన్ని రాసుకుంటుంది.

దుకాణానికి పోయేముందు పాత స్టే మీద మూడు కొలతలు రాసుకోవాలి: పొడవు, మడిచినప్పటి మొత్తం మందం, పక్కకు తెరుచుకునే రకమా పైకి తెరుచుకునే రకమా. మాది 12 అంగుళాలు, 13 మి.మీ. మందం, పక్కకు తెరుచుకునే రకం. మందం 13, 17 మి.మీ. రెండూ బజారులో దొరుకుతాయి. చూపుకు ఒకేలా ఉంటాయి కాని, 13 ఉన్నచోట 17 పెడితే రెక్క మూసుకోదు, 17 ఉన్నచోట 13 పెడితే రబ్బరు ఆనకుండా గాలి దూరుతుంది. నల్లగొండ ప్రకాశం బజారులో సరైన మందం దొరకనందున హైదరాబాద్ రాణిగంజ్ నుంచి తెప్పించాము.

స్టీలు రకం గురించి ఒక మాట. దుకాణాలలో అయస్కాంతం అంటకపోతే 304 స్టీలు అని చూపిస్తారు. 200 వరుస స్టీలుకు కూడా అయస్కాంతం అంటదు, కాని తుప్పును అది 304 అంత బాగా తట్టుకోదు. గట్టిగా అంటుకుంటే అది 304 కాదని మాత్రం తేలుతుంది. కాబట్టి పట్టీ మీద ముద్రించిన గ్రేడునూ, రసీదు మీద రాసిన గ్రేడునూ చూసి కొనాలి.

మార్చేటప్పుడు రెక్క మొత్తం ఊడి చేతిలోకి వస్తుంది. గాజుతో కలిపి ఇరవై కిలోలకు దగ్గరగా ఉండే వస్తువును పై అంతస్తులో బయటివైపుకు పట్టుకోవలసి వస్తుంది కాబట్టి ఇద్దరు తప్పనిసరి. రెక్కకు తాడు కట్టి గదిలోని గట్టి ఆధారానికి ముడివేసి, కింద మనుషులు నడవకుండా చూసుకున్న తరువాతే స్క్రూలు విప్పాలి. పైనా కిందా రెండు స్టేలనూ జతగా మార్చాలి. ఒకటి పాతది, ఒకటి కొత్తది అయితే రెండింటి రాపిడి వేరువేరుగా ఉండి రెక్క మెలితిరుగుతుంది. స్క్రూలతోనే నిలిచిన రెక్కకు కూడా, రెక్క ఎలాగూ చేతిలోకి వచ్చింది గనుక, కొత్త జతే వేశాము.

మూడు జతలు, ఒక్కొక్కటి 340 చొప్పున 1,020, స్క్రూలు 90.

ఇప్పటివరకు ఖర్చు: రూ. 2,140. సరైన రెక్కలు: 7లో 7.

దశ 4: హ్యాండిళ్ళు

రెక్కలన్నీ స్థానంలోకి వచ్చాక గట్టిగా ఉన్న నాలుగు హ్యాండిళ్ళూ వాటంతట అవే సర్దుకున్నాయి. విరిగిన రెండింటిని మాత్రమే మార్చాము. ఇవి జింక్ మిశ్రమంతో పోత పోసినవి. జారిన రెక్కను బలవంతంగా బిగిస్తూ పోతే మెడ దగ్గర విరుగుతాయి.

1. హ్యాండిల్‌ను అడ్డంగా తిప్పి, కింది ప్లాస్టిక్ మూతను పక్కకు జరిపితే రెండు స్క్రూలు కనిపిస్తాయి.
2. స్క్రూల మధ్య దూరం కొలవాలి. మాది 43 మి.మీ.
3. చదరపు కడ్డీ మందం, బయటికి పొడుచుకువచ్చిన పొడవు కొలవాలి. మాది 7 మి.మీ. మందం, 35 మి.మీ. పొడవు. పొడవు ఎక్కువైతే హ్యాండిల్ ప్రొఫైల్‌కు ఆనదు, తక్కువైతే గేర్‌బాక్స్‌ను పట్టదు.
4. కొత్తది బిగించి, స్క్రూలను హ్యాండిల్ కదలనంత వరకే తిప్పాలి. అంతకు మించి బిగిస్తే ప్రొఫైల్ నొక్కుకుపోయి కడ్డీ పట్టేస్తుంది.

రెండు హ్యాండిళ్ళు 380. మొత్తం ఖర్చు: రూ. 2,520.

దశ 5: బాల్కనీ తలుపు

తలుపు ఫిర్యాదు గంటను బట్టి మారేది. తెల్లవారి తాళం సునాయాసంగా పడుతుంది, ఎండ పడమటికి తిరిగాక హ్యాండిల్ పైకి లేవదు. కాబట్టి కొలతలు కూడా రెండు పూటలా తీశాము. తాళం వైపు తలుపుకూ చౌకట్టుకూ మధ్య సందు ఉదయం 3.5, మధ్యాహ్నం 2.2 మి.మీ. మధ్యాహ్నం దారం లాగి కట్టి చూస్తే తలుపు నడుము ఎండ తగిలే వైపుకు 2.5 మి.మీ. ఉబ్బి ఉంది.

దీని కారణం యూపీవీసీ స్వభావంలోనే ఉంది. ఒక మీటరు పొడవు ఒక్కో డిగ్రీ వేడికి సుమారు 0.07 మి.మీ. పెరుగుతుంది. తొమ్మిది వందల మి.మీ. వెడల్పున్న తలుపు ఇరవై డిగ్రీలు వేడెక్కితే పెరుగుదల 1.3 మి.మీ. వరకు వస్తుంది, మేము కొలిచిన తేడా కూడా అంతే. నిలువునా ఇనుప గొట్టం ఉన్నందున పూర్తి పెరుగుదల రాదు గాని, బయటి ముఖం లోపలి ముఖం కంటే ఎక్కువ వేడెక్కడం వల్ల తలుపు వంగుతుంది. వేసవిలో నలభై నాలుగు, నలభై అయిదు డిగ్రీలు చూసే మా జిల్లాలో, పడమటి ఎండకు ఎదురుగా ఉన్న తలుపును ఒక్క చల్లని పూట చూసి సర్దడం సరిపోదు.

1. అడ్డంగా, నిలువుగా జరిపే అలెన్ స్క్రూలు బందుల మూత కింద ఉంటాయి. ముందు వదులు చేయవలసిన లాకింగ్ స్క్రూలను వదులు చేయకుండా వీటిని తిప్పకూడదు.
2. అన్ని బందులనూ సమానంగా, పావు చుట్టు చొప్పున తిప్పుతూ ఉదయం సందును 4.2 మి.మీ.కు తెచ్చాము. మధ్యాహ్నం అది 2.9 వద్ద నిలిచింది.
3. చౌకట్టు మీది కీపర్లను వదులు చేసి, మధ్యాహ్నం స్థితికీ ఉదయం స్థితికీ నడుమ బిగించాము.
4. పుట్టగొడుగు ఆకారపు పిన్నులు కేంద్రం తప్పి తిరుగుతాయి; అలెన్ కీతో తిప్పి రబ్బరు మీది నొక్కును ఒక మెట్టు తగ్గించాము.

ఇంత చేశాక కూడా హ్యాండిల్ ఎత్తినప్పుడు లోపల కరకరమనే శబ్దం మిగిలింది. తలుపు తెరిచి ఉన్నప్పుడూ అదే శబ్దం వచ్చినందున గేర్‌బాక్స్ విప్పాము. చదరపు కడ్డీని పట్టుకునే భాగం పగిలి ఉంది. నిలువు పట్టీని మొత్తం మార్చవలసిన అవసరం లేకుండా గేర్‌బాక్స్ ఒక్కటే దొరకాలంటే ఈ కొలతలు కావాలి: కడ్డీ కేంద్రం నుంచి సిలిండర్ (తాళంచెవి దూరే భాగం) కేంద్రానికి దూరం, పట్టీ ముఖం నుంచి కడ్డీ కేంద్రానికి దూరం, పట్టీ వెడల్పు, కడ్డీ మందం. మావి వరుసగా 92, 35, 16, 8 మి.మీ. పాతదాన్ని వెంట తీసుకుపోవడం అన్నిటికంటే మేలు.

సిలిండర్ తీయడానికి తలుపు అంచున తాళం రంధ్రానికి సూటిగా ఉన్న పొడవైన స్క్రూను విప్పి, తాళంచెవి పెట్టి కొద్దిగా తిప్పుతూ, లోపలి నాలుక సిలిండర్ ఒంట్లో దాగిన చోట బయటికి లాగాలి. పాత సిలిండర్ స్క్రూ రంధ్రం నుంచి రెండు వైపులా 45 మి.మీ. ఉండి, బయటి ప్లేటును దాటి 5 మి.మీ. పొడుచుకువచ్చి ఉంది. సిలిండర్‌కు అతి బలహీనమైన చోటు ఆ నడిమి స్క్రూ రంధ్రమే. పొడుచుకువచ్చిన కొసను పట్టుకుని విరిస్తే అక్కడే తెగుతుంది. అందువల్ల 3 మి.మీ. కంటే ఎక్కువ బయట ఉండకూడదు. రెండు వైపులా 40 ఉన్నదాన్ని వేశాము. పొడవైన స్క్రూను మరీ బిగిస్తే తాళంచెవి గట్టిగా తిరుగుతుంది. తిప్పి చూస్తూ బిగించాలి.

గేర్‌బాక్స్ 1,150, సిలిండర్ 780. మొత్తం ఖర్చు: రూ. 4,450.

దశ 6: దుమ్ము, నూనె

విప్పిన ప్రతి తాళం పట్టీలోనూ ఎర్రమట్టి దుమ్ము నూనెతో కలిసి ముద్దగా పేరుకుంది. మన ఇళ్ళలో బందులకు కొబ్బరినూనె వేసే అలవాటు ఉంది. అది దుమ్మును పట్టి ఉంచుతుంది, పైగా ఇరవై నాలుగు డిగ్రీల దరిదాపుల్లో గడ్డకడుతుంది. డిసెంబరు రాత్రులలో తాళాలు బిగుసుకోవడానికి ఇది కూడా ఒక కారణం. పట్టీలను కిరసనాయిలు తడిపిన గుడ్డతో తుడిచి, ఆరాక పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) పొడి స్ప్రే కొట్టాము. సిలిండర్‌లో గ్రాఫైట్ పొడి మాత్రమే వాడాలి. చుట్టూ ఉన్న నల్ల రబ్బరుకు కిరసనాయిలు గాని, ఇంజన్ ఆయిల్ గాని తగలకూడదు, ఎందుకంటే ఈపీడీఎం రబ్బరు వాటికి ఉబ్బి చెడుతుంది. దానికి సిలికాన్ స్ప్రే సరైనది.

స్ప్రేలు, గ్రాఫైట్ కలిపి 420. మొత్తం ఖర్చు: రూ. 4,870.

మిగిలిన పనులు

ఆరవ కిటికీలో రెండు గాజుల మధ్య మసక పట్టింది. అంచు సీలు పోయి తడి లోపలికి చేరినందున దీనికి తుడవడం, రంధ్రం చేసి ఆరబెట్టడం వంటి చిట్కాలు పనికిరావు, పలకనే మార్చాలి. బీడింగ్ తీసి లోపలి ఖాళీని వెడల్పున మూడు చోట్ల, ఎత్తున మూడు చోట్ల కొలిచి, వాటిలో తక్కువ కొలత నుంచి ప్యాకర్ల కోసం చుట్టూ 5 మి.మీ. వదిలి, 22 మి.మీ. మందంతో కొత్త పలకకు ఆర్డరు ఇచ్చాము. అది వచ్చాక దశ 2లోని క్రమంలోనే బిగించాలి. తలుపు సందును చలికాలంలో ఒకసారి రెండు పూటలా కొలిచి, ఉదయం 4.2 మి.మీ. దాటి పెరిగితే పిన్నుల నొక్కును తిరిగి ఒక మెట్టు పెంచాలి.